ఏడు మాటలు తక్కువైన పాఠం

ఆ పొద్దున తపాలా వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది కాకముందే ఆఫీసుకు చేరాలి. మేనేజర్ వచ్చేలోగా ఆయన గదిలోని డిక్షనరీ తియ్యాలి. ఏడంటే ఏడు ఇంగ్లీషు మాటలు వెతికి కాగితం మీద రాసుకోవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు భార్య ఆఫీసు దగ్గరికి వచ్చినప్పుడు ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాలి. అంతే.

తపాలా అన్నది అతని అసలు పేరు కాదు. నీటి మీటర్లు బాగుచేసే ఆ శాఖలో ఉత్తరాలు పంపడం, వచ్చినవి విప్పి పంచడం అతని ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే పని చేస్తూండటంతో ఆఫీసులో అందరూ తపాలా అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు ఇంటిదాకా పాకి, ఇప్పుడు అత్తగారు కూడా ఫోన్ చేస్తే "తపాలా గారున్నారా" అనే అడుగుతుంది.

మాటల అవసరం భార్యది. పెళ్లయిన పన్నెండేళ్లకు ఆమె మొదటిసారి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. మూడు వీధుల అవతల బడిలో మూడో తరగతికి టీచరు కావాలన్నారు. ఇవాళ రెండింటికి పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి. ఏం పాఠమో నిన్న సాయంత్రం కబురు చేశారు: ఐ, ఆర్, ఈ అనే మూడక్షరాలు వరుసగా వచ్చే ఇంగ్లీషు మాటలు ఇరవై, అర్థాలతో సహా. వైర్, హైర్, టైర్, అంపైర్, ఎంపైర్ అంటూ ఆమె పదమూడు పోగుచేసింది. అక్కడితో బండి ఆగిపోయింది.

"పదమూడు చాలవంటారా?" అంది కాఫీ గ్లాసు అందిస్తూ.

"ఇరవై అన్నారుగా. మిగతా ఏడూ నేను చూస్తాను. మా ఆఫీసులో ఇంత లావు డిక్షనరీ ఉంది."

"ఇంగ్లీషులో మీరు అడ్రసులు తప్ప ఇంకేం చదివారండీ?"

"అడ్రసులు చదవగలిగినవాడు ఏదైనా చదవగలడు," అన్నాడు తపాలా. కానీ అతని మనసు ఆ హాస్యంలో లేదు. ప్రతి శాఖలోనూ ఒక ఉద్యోగం తగ్గిస్తారని హెడ్డాఫీసు నుంచి నెల రోజులుగా గాలి కబురు వస్తోంది. దానికోసమే ఇవాళ పదకొండింటికి ఒక ఆఫీసరు వస్తున్నారు. అందరూ ఉత్తరాలు కంప్యూటర్లో పంపుకుంటున్న రోజుల్లో ఏ ఉద్యోగం తగ్గించొచ్చో తపాలాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. భార్య దరఖాస్తు పెట్టింది కూడా ఆ గాలి కబురు విన్న మర్నాడే. ఆ సంగతి ఇద్దరూ పైకి అనుకోలేదు.

తొమ్మిదికి పది నిమిషాల ముందు అతను మేనేజర్ గదిలో అద్దాల బీరువా తెరిచాడు. డిక్షనరీ బరువు మూడు ఇటుకలంత ఉంటుంది. అక్షరాలు మాట మొదట్లో ఉంటే వెతకడం తేలిక, చివర్లో ఉంటే ఎలా వెతుకుతారు? ముందు భార్య రాసుకున్న టైర్‌కు రి తగిలిస్తే రిటైర్ వచ్చింది. మిగతావాటికి అతను తన పద్ధతి ఒకటి కనిపెట్టాడు. ఐ, ఆర్, ఈ ముందు ఒక్కో అక్షరం పెట్టి పలికి చూడటం. ఏ పెట్టాడు, పలకలేదు. బి పెట్టాడు, నోరు తిరగలేదు. ఎఫ్ దగ్గరికొచ్చేసరికి ఫైర్ అని తేలింది. ఇద్దరూ పొద్దున పొయ్యి పక్కనే నిలబడి బుర్రలు బద్దలుకొట్టుకున్నా ఆ మాట తట్టనందుకు అతనికి సిగ్గేసింది.

రాసుకోవడానికి కాగితం కావాలి. చెత్తబుట్ట పక్కన పాత సిబ్బంది పట్టిక నకలు ఒకటి పడి ఉంది. శాఖలో ఉన్నది ఏడుగురు. మేనేజర్, స్టోర్ కీపర్, టైపిస్టు, డిస్పాచ్, మెకానిక్, డ్రైవర్, వాచ్‌మన్ అని హోదాలు ఒకదాని కింద ఒకటి అచ్చయి ఉన్నాయి. ఎదురుగా రిమార్కులు అన్న శీర్షిక కింద ఏడు ఖాళీ గళ్లు. ఏడు గళ్లు, ఏడు మాటలు. గీతలు గీసుకునే శ్రమ కూడా తప్పిందని సంతోషపడి అతను కలం తీశాడు. మేనేజర్ గడిలో రాయడానికి ఎందుకో చెయ్యి రాలేదు. రెండో గడి నుంచి మొదలుపెట్టాడు.

పార్సెళ్ల మీద రాసే పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో దొరికిన మాట దొరికినట్టు రాసుకుంటూ పోయాడు. స్టోర్ కీపర్ ఎదురుగా రిటైర్. టైపిస్టు ఎదురుగా ఫైర్. డిస్పాచ్ అన్న తన గడిలో అడ్మైర్, అంటే మెచ్చుకోవడం. మెకానిక్ ఎదురుగా ఇంక్వైర్. డ్రైవర్ ఎదురుగా ఎక్స్‌పైర్. వాచ్‌మన్ ఎదురుగా సైరన్. ఏడోది దొరక్క చెమటలు పడుతుండగా బయట మేనేజర్ స్కూటర్ ఆగిన చప్పుడైంది. కంగారులో ఆఖరి పేజీలు తిరగేస్తే ఒక గబ్బిలం బొమ్మ, పక్కనే వాంపైర్, మనుషుల రక్తం తాగేది అన్న అర్థం కనిపించాయి. మిగిలిన గడి ఒక్కటే. మాట మాటే కదా అనుకుని రాసేసి, డిక్షనరీ బీరువాలోకి తోసి, తన బల్ల దగ్గరికి వచ్చి పడ్డాడు.

కాగితాన్ని జిగురు సీసా కింద పెట్టి, రిజిస్టరు ఉత్తరాల కట్ట తీసుకుని పోస్టాఫీసుకు వెళ్లాడు. అక్కడ తూకం మిషను మొరాయించి, వరుస రోడ్డు దాకా పెరిగింది. అతను అక్కడ నిలబడి ఉండగా ఆఫీసులో ఏం జరిగిందో అతనికి చాలాసేపటి దాకా తెలియదు. మనం మాత్రం ఇప్పుడే తెలుసుకోవచ్చు.

టైపిస్టుకు జిగురు కావలసి వచ్చింది. సీసా ఎత్తింది. తన హోదా ఎదురుగా ఫైర్ అన్న మాట చూసింది. ఉద్యోగంలోంచి పీకెయ్యడానికి ఇంగ్లీషులో ఇంతకంటే పొట్టి మాట లేదు. కాగితం పట్టుకుని స్టోరు గదిలోకి వెళ్లింది. ఐదు నిమిషాల్లో మేనేజర్ తప్ప అందరూ అక్కడ చేరారు. ఆమె చదువుతూ అర్థం చెబుతుంటే ఒక్కొక్కరి ముఖంలో రక్తం దిగిపోయింది. స్టోర్ కీపర్‌కు ఇంకా మూడేళ్ల సర్వీసుంది, అప్పుడే రిటైర్ చేస్తున్నారు. మెకానిక్ మీద ఎంక్వైరీ వేస్తున్నారు. ఎక్స్‌పైర్ అంటే గడువు తీరిపోవడం అని విన్న డ్రైవర్ గోడకు చేరగిలబడ్డాడు. అతని లైసెన్సు గడువు తీరి నాలుగు నెలలైంది, ఆ సంగతి లోకంలో తన ఒక్కడికే తెలుసనుకుంటున్నాడు. వాచ్‌మన్‌కు ఇంగ్లీషు రాదు గానీ సైరన్ అన్న మాట తెలుసు. తనను తీసేసి ఆ స్థానంలో ఒక సైరన్ బిగిస్తారని అతనికి వెంటనే అర్థమైంది.

చేతిరాత తపాలాదని అందరూ గుర్తుపట్టారు. హెడ్డాఫీసు నుంచి వచ్చే ఏ కాగితమైనా ముందు విచ్చుకునేది అతని చేతుల్లోనే. ఎక్కడో చూసి నకలు రాసుకున్నాడన్నమాట. పైగా అతని ఒక్కడి ఎదురుగానే మెచ్చుకోవడం అని ఉంది. ఎందుకు మెచ్చుకున్నారు? ఇక్కడి సంగతులు అక్కడికి మోసినందుకు. ఇంకో విశేషం ఏమిటంటే, తమ తమ గళ్లు చూసి అన్యాయం అన్నవాళ్లంతా మేనేజర్ గడి చూశాక మాత్రం హెడ్డాఫీసు వాళ్లకు అన్నీ బాగానే తెలుసని ఒప్పుకున్నారు. ఆఫీసు గడియారాన్ని పొద్దున అయిదు నిమిషాలు ముందుకు, సాయంత్రం అయిదు నిమిషాలు వెనక్కి తిప్పే మనిషి ఆయన.

పదకొండింటికి తపాలా తిరిగొచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చోకుండా నిలబడి ఉన్నాడు. ఆఫీసరు గారి కారు దారిలో ఆగిపోయిందట, పన్నెండింటికి వస్తారట అని చెప్పాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

"బాబూ, అది బాగా మోగుతుందా?"

గేటుకు కరెంటు గంట కావాలని వాచ్‌మన్ ఆర్నెల్లుగా పోరుతున్నాడు. దానికోసం ఉత్తరం పంపింది తపాలాయే. "మోగుతుంది బాబాయ్. నాలుగు వీధులకు వినిపిస్తుంది."

"మరి మనిషి?"

"దానికి మనిషెందుకు? వచ్చే నెల బిగించేస్తారు. నీకిక శ్రమ ఉండదు."

వాచ్‌మన్ చేతిలోని లాఠీని తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండిపోయాడు. ఆఫీసరు వస్తున్నారన్న భయం అనుకుని తపాలా లోపలికి నడిచాడు.

లోపల టైపు మిషను చప్పుడు లేదు. రోజూ "ఏమయ్యా తపాలా" అనే స్టోర్ కీపర్ లేచి నిలబడి, "రండి తపాలా గారూ" అన్నాడు. పదకొండేళ్లలో ఆ నోటి నుంచి ఆ 'గారు' వినడం అదే మొదలు. ఇంకా ఎన్నాళ్లు పడుతుందో చెప్పమని మెల్లగా అడిగాడు. స్టోరుకు ఇనప అరల కోసం ఆయన పెట్టుకున్న అర్జీ సంగతి అనుకున్నాడు తపాలా. ఈ నెలాఖరుకల్లా అయిపోతుంది, హెడ్డాఫీసులో సంతకం కూడా అయిందని తెలుసు, మీరు స్టోరు ఖాళీ చేసి పెట్టుకోవడమే ఆలస్యం అని ధైర్యం చెప్పాడు. స్టోర్ కీపర్ రెండు చేతులూ జోడించి స్టోరు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

టైపిస్టు ఎర్రబడ్డ కళ్లతో తన తప్పేమిటో చెప్పమంది. మొన్న మూడు కవర్ల మీద అడ్రసులు తప్పు కొట్టి ఉంటే సరిచేయించాడు, అది గుర్తొచ్చింది. "చిన్న తప్పులేనమ్మా, కానీ పైవాళ్ల కళ్లలో పడ్డాయి," అన్నాడు ఆమెను ఓదార్చడానికే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెకానిక్ దారికి అడ్డొచ్చి ఎంక్వైరీ ఎన్నింటికని అడిగాడు. అందరూ ఎదురుచూస్తున్నది ఆఫీసరు రాకనే కదా అని, పన్నెండింటికని చెప్పాడు తపాలా. మెకానిక్ గడియారం వంక చూసి, సైకిలెక్కి, ఎవరో తరుముతున్నట్టు ఇంటి వైపు తొక్కుకుంటూ పోయాడు.

డ్రైవర్ అతన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. లైసెన్సు సంగతంతా చెప్పి, పిల్లలున్నవాణ్నని అన్నాడు. తపాలాకు భయమేసింది, జాలీ వేసింది. తనను నమ్మి చెప్పుకున్నాడు కదా అని భుజం మీద చెయ్యి వేశాడు.

"దాచకురా. ఆఫీసరమ్మ గారు వచ్చి అడిగేలోగా నువ్వే చెప్పెయ్. ముందు చెప్పినవాడి మీద కొంచెం దయుంటుంది."

ఈ మాట షెడ్డు వెనక నుంచి ఆఫీసు ముందుకు రావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ముందు చెప్పినవాడికి దయ ఉంటుందని తపాలా గారే అన్నారు.

పన్నెండుకు పావుగంట ఉందనగా తపాలా జిగురు సీసా ఎత్తాడు. కింద కాగితం లేదు. బల్ల సొరుగులు లాగాడు, కుర్చీ కింద చూశాడు, చెత్తబుట్ట బోర్లించాడు. గుర్తు తెచ్చుకుందామని కూర్చుంటే ఫైర్, రిటైర్, తరవాత అంతా గబ్బిలం బొమ్మే. భార్య ఒంటిగంటకు వస్తుంది. పన్నెండేళ్ల తరవాత ఒక్క సాయం అడిగింది. మళ్లీ డిక్షనరీ చూడాలంటే మేనేజర్ గదిలోకి వెళ్లాల్సిందే. ఏదో కవరు చేత్తో పట్టుకుని తలుపు తోశాడు.

డిక్షనరీ బీరువాలో లేదు. మేనేజర్ బల్ల మీద తెరిచి ఉంది. దాని మీద అతని కాగితం ఉంది. పై వరస కనిపించకుండా మడిచి న్యాయం చెయ్యమని టైపిస్టు తెచ్చి ఇచ్చిందట. ఆయన మడత విప్పాడు. అర్థం కూడా చూసుకున్నాడు. ఆ గదిలో ఎవరినీ ఎన్నడూ కూర్చోమనని మనిషి ఎదుటి కుర్చీ చూపించాడు.

"కూర్చో తపాలా. హెడ్డాఫీసులో నా గురించి ఇంకేమనుకుంటున్నారు?"

తపాలాకు పొద్దుటి నుంచి గేటు దగ్గర, స్టోరు దగ్గర, షెడ్డు వెనక విన్న ప్రతి మాటకూ అర్థం ఒక్కసారిగా తెలిసొచ్చింది. నిజం చెప్పేస్తే గొడవ వదులుతుందనుకున్నాడు. భార్య పాఠం, మూడక్షరాలు, ఖాళీ గళ్లు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. హెడ్డాఫీసుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు సార్, ప్రతి అక్షరం నేను రాసిందే అన్నాడు.

మేనేజర్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అంటే ఈ మాట నన్ను అన్నది హెడ్డాఫీసు కాదు. నువ్వన్నమాట."

ఈ శాఖలో తగ్గించాల్సిన ఉద్యోగం ఏదో తేల్చుకోలేక పది రోజులుగా సతమతమవుతున్నాననీ, ఇప్పుడు ఆ చిక్కు విడిపోయిందనీ మేనేజర్ మెత్తగా అన్నాడు. అప్పుడే బయట కారు హారన్ మోగింది.

ఆఫీసరు గారు పొట్టిగా, అలసిపోయి, చేతుల నిండా నల్లటి నూనె మరకలతో దిగారు. చెయ్యి కడుక్కుని మేనేజర్ గదిలో కూర్చుని, సంచిలోంచి నోటు పుస్తకం తీశారు. ఆమె నోరు తెరిచేలోగా స్టోర్ కీపర్ లోపలికొచ్చి తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. స్టోరులోని సామానంతా గంటలో లెక్కపెట్టి రాసిన జాబితా కూడా పెట్టాడు. తొమ్మిదేళ్లుగా ఏ మేనేజర్ అడిగినా ఇవ్వని జాబితా అది. అతని వెనక టైపిస్టు రాజీనామా ఉత్తరంతో వచ్చింది. కొట్టిన తప్పులన్నీ తానే ఒప్పుకుంటూ రాసిన ఆ ఉత్తరంలో ఒక్క అక్షరం తప్పు లేదు. డ్రైవర్ గడువు తీరిన లైసెన్సు తెచ్చాడు. మెకానిక్ ఇంటి నుంచి గోనెసంచి మోసుకొచ్చి నేల మీద దించాడు, లోపల పంతొమ్మిది ఇత్తడి వాల్వులు ఖంగుమన్నాయి. చుట్టుపక్కల ఎవరి కొళాయి కారినా డబ్బు తీసుకోకుండా బాగుచేసే మంచితనం అతనిది. ఆ మంచితనానికి వాడిన ఇత్తడి మాత్రం ఆఫీసుది. వాచ్‌మన్ లాఠీ, టార్చిలైటూ అప్పగించి, తాను అప్పుడప్పుడూ గేటు దగ్గర కునుకు తీసిన మాట నిజమేననీ, సైరనైతే నిద్రపోదనీ అన్నాడు.

ఆఫీసరు గారు ఎవరినీ ఆపలేదు. చెప్పిందంతా రాసుకుని, ఒక్కొక్కరి చేతా సంతకం పెట్టించుకున్నారు. మేనేజర్ ముఖం పాలిపోయింది. ఇన్నాళ్లూ తన కళ్ల ముందే ఇవన్నీ జరిగాయని ఆ నోటు పుస్తకంలో అయిదు సంతకాలతో ఎక్కింది. ఆయన గొంతు సవరించుకుని, ఆమె అడగకుండానే, తగ్గించాల్సిన ఉద్యోగం డిస్పాచ్‌ది అన్నాడు. కారణం అడిగారామె. కారణం చెప్పాలంటే ఆ మాట తన నోటితో పలకాలి. పలకలేక కాగితం ముందుకు జరిపాడు.

ఆమె పై నుంచి కింద దాకా చదివారు. రాసింది ఎవరని అడిగారు. తపాలా ముందుకొచ్చి చెప్పడం మొదలుపెట్టాడు గానీ, మేనేజర్‌కు చెప్పినంత సాఫీగా రాలేదు. వెనక నిలబడ్డ అయిదుగురూ వింటున్నారు. అతను పాఠం అన్నప్పుడు స్టోర్ కీపర్ చూపు తాళాల గుత్తి మీదికి పోయింది. మూడక్షరాలు అన్నప్పుడు మెకానిక్ గోనెసంచిని కాలితో మెల్లగా వెనక్కి జరిపాడు. అది కదల్లేదు.

"మీ ఆవిడ పాఠానికైతే," అన్నాడు డ్రైవర్, "నా పక్కనే ఎక్స్‌పైర్ ఎందుకు రాశావన్నా?"

"దొరికిన వరసలో రాశానురా."

ఎవరూ నమ్మలేదు. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. తపాలా భార్య ఇస్త్రీ చీర కట్టుకుని, భుజాన సంచీతో, అంత మందిని చూసి గడప దగ్గరే ఆగిపోయింది. గేటు దగ్గర ఎవరూ లేకపోతే లోపలికొచ్చానంది. తరవాత అతని వంక మాత్రమే చూస్తూ అడిగింది.

"ఏమండీ, ఏడూ దొరికాయా?"

ఒప్పుకోళ్లన్నీ ఆ కాగితం వల్లే వచ్చాయి గనుక అది ఫైల్లో ఉండాల్సిందేననీ, ఇవ్వడానికి వీల్లేదనీ ఆఫీసరు గారు చెప్పారు. కాగితాన్ని సంచి అడుక్కు తోసేసి, కావాలంటే గుర్తున్న మాటలు రాసుకుని వెళ్లొచ్చన్నారు. భార్య సంచిలోంచి పెన్సిలు తీసింది. తపాలా నోరు తెరిచాడు. ఒక్క మాట గుర్తుకు రాలేదు.

"సైరన్ అని రాయమ్మా," అన్నాడు వాచ్‌మన్ వెనక నుంచి. "ఎస్, ఐ, ఆర్, ఈ, ఎన్." ఇంగ్లీషు అక్షరం రాని మనిషి, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో, ఒక్క అక్షరం తడబడలేదు. స్టోర్ కీపర్ రిటైర్ చెప్పాడు. టైపిస్టు ఫైర్ చెప్పి, పిల్లలకు నిప్పు అనే చెప్పండి వదినా, రెండో అర్థం అక్కర్లేదు అంది. డ్రైవర్, మెకానిక్ తమ తమ మాటలు అక్షరం అక్షరం అప్పజెప్పారు. ఆయనది అడ్మైర్ అని టైపిస్టే తపాలా గడి కూడా నింపింది.

"ఆరయ్యాయి," అంది భార్య పెన్సిలు ఎత్తి పట్టుకుని.

అందరూ నేల చూపులు చూస్తున్నారు. గోడ గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది, అందులో అయిదు నిమిషాలు అబద్ధం. చివరికి మేనేజర్ కిటికీ వైపు తిరిగి, బయటికి చూస్తూ, ఒక్కో అక్షరం ఊడబీకినట్టు పలికాడు.

"వి, ఏ, ఎం, పి, ఐ, ఆర్, ఈ."

"అర్థమేంటి సార్?" అంది ఆమె, పాపం తెలియక.

"రక్తం తాగేది," అన్నాడు మేనేజర్.

ఆమె రాసుకుని, అందరికీ నమస్కారం పెట్టి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆఫీసరు గారు నోటు పుస్తకంలో ఏదో పూర్తిచేసి కలానికి మూత పెట్టారు. అప్పుడు మొదటిసారి ఆమె తాను వచ్చిన పని చెప్పారు.

తగ్గించే ఉద్యోగం ఏదో అడగడానికి ఆమె రాలేదట. అది పోయిన నెలే తేలిపోయింది. ఈ శాఖకూ పక్క శాఖకూ కలిపి ఒక్క మేనేజర్ చాలని నిర్ణయమైంది. ఇక్కడి మేనేజర్‌ను హెడ్డాఫీసులో మరో పనికి పంపుతున్నారు. మిగతా ఆరుగురి జోలికీ ఎవరూ రాలేదు. ఆ మాట చెప్పి, సిబ్బందిని పలకరించి పోదామని వచ్చానన్నారు. స్టోర్ కీపర్ బల్ల మీది తాళాల గుత్తిని కళ్లతోనే బతిమాలుకున్నాడు. టైపిస్టు తన ఉత్తరం తిరిగి ఇస్తారా అని అడిగింది. దాన్ని ఆమోదించడం లేదన్నారామె, కానీ ఫైల్లో ఉంటుందన్నారు.

"పక్క శాఖ మేనేజర్ వచ్చి కుదురుకోవడానికి రెండు నెలలు పడుతుంది," అన్నారు ఆఫీసరు గారు. "అప్పటిదాకా ఇక్కడ ఒకరు బాధ్యత చూడాలి. సీనియారిటీ ప్రకారం స్టోర్ కీపర్ గారికి ఇద్దామనే వచ్చాను. కానీ ఆయన తొమ్మిదేళ్లు జాబితా ఇవ్వలేదని ఇప్పుడే రాసిచ్చారు. మిగతావాళ్లూ తమ సంగతులు రాసిచ్చారు. ఈ ఆఫీసులో ఏ తప్పూ ఒప్పుకోని మనిషి ఒక్కరే మిగిలారు."

అందరూ తపాలా వైపు తిరిగారు. అతను వెనకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. గోడ తప్ప ఎవరూ లేరు. నేను కూడా ఒప్పుకుంటాను మేడమ్, ఆఫీసు డిక్షనరీ సొంతానికి వాడుకున్నాను అన్నాడు. అది తప్పుల లెక్కలోకి రాదని ఆమె కొట్టిపారేశారు. డ్రైవర్ లైసెన్సు తిరగరాయించుకునేదాకా బండి తియ్యకూడదనీ, వాల్వులు స్టోరులో జమ కావాలనీ, వాచ్‌మన్‌కు గంట త్వరగా బిగించాలనీ చెప్పి ఆమె కారెక్కారు. వెళ్లేముందు మేనేజర్ తపాలా దగ్గరికొచ్చాడు. తన గది తాళంచెవి అతని చేతిలో పెట్టి, గడియారం సంగతి ఎలా చూడాలో చెప్పనా అని అడిగాడు. తపాలా వద్దనలేకపోయాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి భార్య అరుగు మీద కూర్చుని ఉంది. పాఠం ఎలా జరిగిందని అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆమే చెప్పింది. ముందు పదమూడు మాటలకూ పిల్లలు ఆవులించారట. ఆ తరవాత వాటిని వదిలేసి, ఒక వాచ్‌మన్, ఒక డ్రైవర్, ఒక టైపిస్టు అంటూ ఒక్కొక్కరూ తమ మాట అప్పజెప్పినట్టు చెప్పుకుపోయిందట. పిల్లలు బల్లలెక్కి మరీ విన్నారట. సోమవారం నుంచి రమ్మన్నారు. అంతా చెప్పాక ఆమె అతని ముఖంలోకి చూసింది.

"మీ ఆఫీసులో పాపం అందరూ ఎంత మంచివాళ్లండీ. మరి మీ ఉద్యోగం?"

"ఉంది," అన్నాడు తపాలా, ఆమె పక్కన కూలబడుతూ. "కావలసినదానికంటే ఎక్కువే ఉంది."

ఆ వారం ఆఫీసులో ఎవరూ అతనితో సరిగా మాట్లాడలేదు. రెండో వారం అందరూ మళ్లీ తపాలా అనడం మొదలుపెట్టారు. మూడో వారం మెకానిక్ మరదలి పెళ్లికి వెళ్లాలి, నాలుగు రోజులు సెలవు కావాలన్నాడు. తపాలా అర్జీ తీసుకుని రెండుసార్లు చదివి, రెండు రోజులు ఇచ్చాడు.